స్పోకుల బదులు అల్లాయ్ చక్రాలు

ప్రశ్న: సముద్రపు గాలికి నా 1978 ట్రయంఫ్ బానవిల్ టీ140 స్పోకులు తుప్పు పడుతున్నాయి. అల్లాయ్ చక్రాలు వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: వేయించవచ్చు. ముందు 19, వెనక 18 అంగుళాల సైజులే ఉంచండి. స్పీడోమీటర్ వెనక చక్రంతో తిరుగుతుంది, సైజు మారితే రీడింగు తప్పుతుంది.

అసలు చిక్కు స్పేసర్ల దగ్గరే. రెండు బేరింగుల మధ్య దూరం నిలిపే స్పేసర్ గొట్టం కాస్త పొట్టిదైనా, యాక్సిల్ నట్టు బిగించగానే బేరింగులు పక్కకు నొక్కుకుపోయి వేడెక్కి పట్టేస్తాయి. బిగించాక చక్రం చేత్తో తేలిగ్గా తిరగాలి. తిన్నటి పట్టీ ఆనించి రెండు స్ప్రాకెట్లూ ఒకే వరుసలో ఉన్నాయో చూడండి. బ్రేకు డిస్కు, దాన్ని నొక్కి ఆపే క్యాలిపర్‌కి సరిగ్గా మధ్యలోనే తిరగాలి.

వాడిన పాత అల్లాయ్ చక్రాలైతే ఆకుల మొదళ్ళలో సన్నని పగుళ్ళకు డై పెనెట్రెంట్ పరీక్ష (పగుళ్ళలోకి ఇంకి వాటిని చూపించే రంగు పూసి చూడడం) తప్పనిసరి. చక్రం మీద ట్యూబ్‌లెస్ ముద్ర లేకపోతే ట్యూబే వేయండి.

అల్లాయ్‌కి ఉప్పుగాలి సోకదనుకోకండి. స్టీలు బోల్టు తగిలేచోట తెల్లపొడి రాలుతుంది. మరలకు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా చూసే పేస్టు) పూయండి. డిస్కు మీద మాత్రం పడనివ్వకండి.