విదేశీ చదువులు – మీ ప్రశ్నలు: సాన్‌మాలోకి నడకకి వెళ్ళే ముందు

ప్రశ్న: అక్కా, మాది కాకినాడ. మాస్టర్స్ కోసం ఫ్రాన్స్‌లో రెన్‌కి వచ్చా. క్లాసులో అందరూ సాన్‌మాలో అనే సముద్రతీరపు ఊరు చూసి రమ్మంటున్నారు. కారు లేదు, ఖర్చు చూసుకోవాలి, ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నా. ఒక్కరోజులో నడిచి చూసెయ్యొచ్చా? అక్కడ సముద్రంలో ఉన్న ద్వీపం మీదకి నడిచే వెళ్ళొచ్చంట, నిజమేనా? అమ్మేమో వద్దంటోంది. నేను సముద్రం పక్కనే పుట్టి పెరిగా, నాకేం భయం లేదు.
– కాకినాడ అమ్మాయి, రెన్

జవాబు: వెళ్ళమ్మా, తప్పకుండా వెళ్ళు. కారు లేదని బాధపడకు, ఆ ఊరు నడిచి చూడాల్సిన ఊరే. రెన్ నుంచి రీజనల్ ట్రైన్‌లో సుమారు గంట, 26 ఏళ్ళ లోపు వాళ్ళకి టికెట్ తగ్గుతుంది, స్టేషన్‌లో దిగి తిన్నగా ఒక ఇరవై నిమిషాలు నడిస్తే పాత ఊరి గోడ దగ్గరకి వచ్చేస్తావు. కానీ సముద్రం పక్కన పుట్టా కాబట్టి భయం లేదన్నావు చూడు, ఆ మాట దగ్గర మాత్రం నాకు భయమేసింది. నీకు తెలిసింది కాకినాడ సముద్రం. మన వైపు పోటుకీ పాటుకీ, అంటే నీళ్ళు పొంగి వచ్చినప్పటికీ వెనక్కి పోయినప్పటికీ, నీటి మట్టంలో తేడా మహా అయితే ఒకటిన్నర, రెండు మీటర్లు. సాన్‌మాలోలో పెద్ద పోటు రోజుల్లో అది 12 మీటర్లు దాటుతుంది, అంటే నాలుగంతస్తుల మేడంత నీళ్ళు ఆరు గంటల్లో వెళ్ళిపోయి మళ్ళీ ఆరు గంటల్లో వచ్చేస్తాయి. అట్లాంటిక్ నుంచి ఇంగ్లీష్ ఛానల్‌లోకి తోసుకొచ్చే నీళ్ళకి నార్మండీ ద్వీపకల్పం అడ్డం పడుతుంది, దాంతో అవన్నీ ఆ మూలలోనే పోగుపడతాయి, అందుకే అక్కడ అంత పెద్ద పోట్లు.

కాబట్టి ట్రైన్ టైమ్ కన్నా ముందు పోటు పాటుల టైమ్ చూడు. ఆ టైమ్‌ల పట్టిక టూరిస్ట్ ఆఫీసులో దొరుకుతుంది, ఆ ఆఫీసు ఊరి గోడకి బయట, సాన్ వాన్సాన్ ద్వారం దగ్గరే ఉంటుంది, ఫోన్‌లో కూడా చూడొచ్చు. పట్టికలో టైమ్ పక్కన కోఎఫిషియంట్ అని ఒక అంకె ఉంటుంది, 20 నుంచి 120 దాకా, అది ఎంత పెద్దదైతే నీళ్ళు అంత దూరం వెనక్కి పోయి అంత ఎత్తుకి వస్తాయన్నమాట. వేసవిలో అక్కడ గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు, అప్పుడు వెళ్తే పట్టికలో ఆ గంట కలిపి ఇచ్చారా లేదా అనేది చూసుకోవాలి, కొన్నింట్లో కలపరు. ఇవేవీ మీ అమ్మకి కొత్త కాదు, అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పొంగుతుందని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు కదా, అక్కడా అంతే, తిథి అయిన ఒకటి రెండు రోజులకి పెద్ద పోటు వస్తుంది, మార్చి సెప్టెంబర్‌లలో అయితే ఇంకా పెద్దది.

నన్నడిగితే పాటు మధ్యాహ్నం పడే రోజు ఎంచుకో. పొద్దున్న దిగేసరికి నీళ్ళు గోడ దగ్గరగా ఉంటాయి, ముందు గోడ ఎక్కేసెయ్, టికెట్ ఏమీ లేదు, చుట్టూ తిరిగితే రెండు కిలోమీటర్ల లోపే. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఊళ్ళో మేడల కిటికీలు. బోన్ సెకూర్ బీచ్ దగ్గర నీళ్ళలోంచి ఒక డైవింగ్ స్టాండ్ ఒక్కటే పైకి కనిపిస్తుంది, చుట్టూ ఏమీ ఉండదు, ఇదేంటి ఇక్కడ అనుకుంటావు. కాసేపయ్యాక వచ్చి చూడు, నీళ్ళు తగ్గి దాని కింద స్విమ్మింగ్ పూల్ బయటపడుతుంది, పోటు నీళ్ళే దాంట్లో నిండిపోయి ఉంటాయి. ఆ స్టాండ్ చూస్తే నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో తెలిసిపోతుంది.

ఇక ద్వీపం. నిజమే, గ్రాన్ బే అని, ఆ బీచ్ నుంచే రాళ్ళ దారి ఉంది, పాటు అప్పుడు తేలుతుంది. నీళ్ళు ఇంకా తగ్గుతుండగానే, దారి పూర్తిగా తేలిందో లేదో చూసి వెళ్ళు, నీళ్ళు తిరగబడే టైమ్‌కల్లా వచ్చెయ్. వచ్చేటప్పుడు పోటు ఒకే వేగంతో రాదు, మొదటి గంటలో కొంచెమే పెరుగుతుంది, మూడో నాలుగో గంటల్లో మొత్తం నీళ్ళల్లో సగం వచ్చేస్తుంది, 12 మీటర్ల రోజున లెక్కేస్తే అప్పుడు గంటకి 3 మీటర్లు. మొదటి గంట చూసి ఇంకా టైముందిలే అని కూర్చునే వాళ్ళే ఇరుక్కుంటారు. ఒకవేళ దారి మునిగిపోతే మాత్రం దయచేసి నీళ్ళల్లోకి దిగొద్దు, మోకాళ్ళ లోతే కదా అనిపించినా దిగొద్దు, ద్వీపం మునగదు, పైనే ఉండు, మళ్ళీ దారి తేలడానికి ఓ ఆరు గంటలు పడుతుంది, ప్రమాదం అనిపిస్తే 112కి గానీ, సముద్రం మీద రక్షణకి ఉన్న 196కి గానీ ఫోన్ చెయ్.

గ్రాన్ బే మీద షాటోబ్రియాన్ సమాధి ఉంది, ఫ్రెంచి సాహిత్యంలో చాలా పెద్ద రచయిత, 1768లో ఆ ఊళ్ళోనే పుట్టి 1848లో పోయారు. ఆయన కోరుకున్నట్టే సముద్రానికి ఎదురుగా ఉత్త రాతి శిలువ, దాని మీద పేరు కూడా ఉండదు. నాకైతే ఊరు మొత్తంలో అదే బాగా నచ్చిన చోటు.

గోడ లోపల ఊరు చూసి ఎంత పాతదో అనుకుంటావు, కానీ 1944 ఆగస్టులో యుద్ధంలో ఆ లోపలి ఊరు చాలావరకు కాలి కూలిపోయింది, గోడలు మాత్రం నిలబడ్డాయి. తర్వాత అదే గ్రానైట్ రాయితో పాత పద్ధతిలోనే మళ్ళీ కట్టుకున్నారు, నువ్వు చూసే ఇళ్ళల్లో ఎక్కువ భాగం మన తాతల వయసువే. అద్దాల బిల్డింగులు కట్టకుండా అంత ఓపిగ్గా కట్టుకున్నందుకు నాకు ఆ ఊరి వాళ్ళంటే గౌరవం.

గోడ పక్కనే సముద్రం వైపు వేలు చూపిస్తూ సుర్కూఫ్ అనే ఆయన విగ్రహం ఉంటుంది. రాజు అనుమతితో శత్రువుల ఓడల్ని పట్టుకునే కోర్సెర్లు అనేవాళ్ళు ఉండేవారు, ఈయనా అలాంటి కోర్సెరే, కాకపోతే రాజు పాలన పోయిన తర్వాతి కాలం వాడు, 1800లో మన బంగాళాఖాతంలోనే కెంట్ అనే ఇంగ్లీష్ ఓడని పట్టుకున్నాడు. 1746లో మద్రాసుని ఇంగ్లీషు వాళ్ళ దగ్గర్నుంచి పట్టుకున్న లా బూర్దొనే పుట్టింది కూడా సాన్‌మాలోలోనే. మీ కాకినాడ పక్కన యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ కిందే ఉంది కదా, అందుకని ఈ పేర్లు నీకు పూర్తిగా పరాయివి కావు. అయితే ఆ ఓడల యజమానుల సొమ్ములో బానిసల వ్యాపారం సొమ్ము కూడా ఉంది, ఆ పెద్ద పెద్ద మేడల కింద నిలబడినప్పుడు అది కూడా తెలిసుండాలి.

సాయంత్రం ఓపిక ఉంటే పక్కనే ఉన్న సాన్ సెర్వాన్ పేట వైపు నడువు, తెలుపు ఎరుపు గీతలు కనిపిస్తాయి, అది జీఆర్ 34 అనే తీరం దారి, ఒకప్పుడు దొంగ సరుకు పట్టుకోవడానికి కస్టమ్స్ వాళ్ళు గస్తీ తిరిగిన దారి, రెన్, సాన్‌మాలో ఉన్న బ్రిటనీ ప్రాంతం తీరం అంతా ఉంటుంది. గీతలు ఇంటూ గుర్తులాగా ఉంటే అటు వెళ్ళకూడదని, అది తప్పు దారని అర్థం. చలికాలం అయితే డిసెంబర్‌లో ఐదుంపావుకే చీకటి పడిపోతుంది, అప్పుడు ఇది వదిలెయ్. గొడుగు పనికిరాదు, ఆ గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్ జాకెట్, జారని బూట్లు వేసుకో, నాచు పట్టిన రాళ్ళ మీద చెప్పులు అస్సలు వద్దు. అమ్మకి పాటు ఎన్నింటికో, ద్వీపం నుంచి ఎన్నింటికి వచ్చేస్తావో, ఏ ట్రైన్‌కి తిరిగొస్తావో ముందే మెసేజ్ పెట్టు, ఆవిడ భయం సగం తగ్గుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కూడా బ్రిటనీలోనే చదువుతున్నాడు, శనాదివారాలు ఊళ్ళు పట్టుకుని నడుస్తూనే ఉంటాడు. మేం మాంసం, గుడ్డు ఏవీ తినం. రోజంతా బయట ఏం తింటాడమ్మా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, బ్రిటనీలో క్రెపెరీలని అట్ల హోటళ్ళు చాలా వీధుల్లో ఉంటాయి, అక్కడ బక్‌వీట్ పిండితో పలుచగా పెనం మీద పోసే గలెట్‌లు దొరుకుతాయి, ఉత్తరాది వాళ్ళు ఉపవాసాలకి వాడే కుట్టు పిండి అదే. కాంప్లెత్ అని అడిగితే మాత్రం గుడ్డు, చీజ్, పంది మాంసం మూడూ వేస్తారు కాబట్టి అది వద్దు, ఉత్త చీజ్‌దో పుట్టగొడుగులదో అడగమనండి. కొన్ని చోట్ల పిండిలోనే గుడ్డు కలుపుతారు, అదీ అడగాలి, అన్నీ ఒకే పెనం మీద కాలుస్తారు, దానికి అభ్యంతరం ఉంటే బేకరీలో బాగెట్ కొనుక్కుని, ఇంటి దగ్గర్నుంచి పచ్చడి డబ్బా పట్టుకెళ్ళడమే మేలు. తినడానికి కూర్చున్న చోట కుళాయి నీళ్ళ జగ్గు అడిగితే ఫ్రీగా ఇస్తారు, బాటిల్ కొనక్కర్లేదు. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్ళలో వంట ఆపేస్తారు, అబ్బాయిని పన్నెండున్నరకల్లా కూర్చోమనండి.