కార్బురేటర్ మారుతి 800: తొక్కితే తడబాటు, సిగ్నల్లో ఆగిపోవడం

మీ కారు యాక్సిలరేటర్ తొక్కగానే క్షణం తడబడి తర్వాత లాగుతోంది, పంజాగుట్ట సిగ్నల్లో న్యూట్రల్ చేస్తే ఆగిపోతోంది అన్నారు. ఇవి రెండూ వేర్వేరు జబ్బులు కావచ్చండీ. ట్యూనింగ్ స్క్రూల జోలికి అప్పుడే వెళ్లకండి.

చల్లారిన ఇంజన్ మీద ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) గొంతులోకి చూస్తూ థ్రాటిల్‌ని చేత్తో లాగండి. పెట్రోలు వెంటనే సన్నటి ధారగా చిమ్మాలి. చుక్కలుగా కారినా, ఆలస్యంగా వచ్చినా యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ (తొక్కినప్పుడు అదనపు పెట్రోలు చిమ్మించే రబ్బరు పొర) మీదే అనుమానం. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు త్వరగా పాడవుతుంది. రిపేర్ కిట్ పుత్లీబౌలి స్పేర్స్ షాపుల్లో అడిగి చూడండి.

ఇక ఆగిపోవడం. తాళం ఆన్ చేయగానే కార్బురేటర్ పక్కనున్న సోలనాయిడ్ (ఐడిల్ పెట్రోలు దారి తెరిచే కరెంటు వాల్వు) టిక్కుమనాలి. అనకపోతే ముందు వైరు చూడండి. టిక్కుమన్నా ఆగిపోతుంటే స్లో జెట్‌లో (ఐడిల్‌కి పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రం) చెత్త ఉండొచ్చు: కార్బురేటర్ క్లీనర్ కొట్టి గాలి పట్టించండి. పిన్నుతో మాత్రం పొడవద్దు, రంధ్రం పెద్దదైతే జెట్ పోయినట్టే. చోక్ కాస్త లాగితే నిలకడగా నడుస్తోందా? అయితే కార్బురేటర్ అడుగు గాస్కెట్ దగ్గరో, పగిలిన వాక్యూమ్ గొట్టంలోనో దొంగగాలి లాగుతోందేమో వెతకండి.

స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.7–0.8 మి.మీ. ఉందో లేదో చూసి, ఇంజన్ బాగా వేడెక్కాకే ఐడిల్ (తొక్కకుండా ఇంజన్ నడిచే వేగం) 850–900 ఆర్‌పీఎం దగ్గర పెట్టండి.