ఇత్తడి గంగాళంలో మాన్‌స్టెరా పెట్టొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ భవానీపురం. కొత్త ఫ్లాట్ హాల్లో పాతకాలం ఇత్తడి గంగాళాలు పెట్టి, వాటిలో మాన్‌స్టెరా లాంటి ఇండోర్ మొక్కలు పెంచాలని ఆశ. వన్‌టౌన్‌లో కొంటే అసలైన ఇత్తడి అని ఎలా తెలుస్తుంది? మొక్కలు బతుకుతాయా?

జవాబు: వన్‌టౌన్‌కే వెళ్లమ్మా, కాకపోతే బ్యాగులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లు, ఇత్తడికి అది అంటుకోదు, అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత అన్నమాట. తర్వాత గంగాళం తిరగేసి అడుగు చూడు, నిజంగా వాడిందైతే గీతలు పడి అరిగి ఉంటుంది, ఒక్కోసారి చిల్లుకి మాటు వేసి అతికిన గుర్తు కూడా కనపడుద్ది. అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంటే అస్సలు వదలమాకు, ఎవరో కూతురికి సారె పెట్టేటప్పుడు వేయించిన అక్షరాలవి, నాకైతే అసలు అందం అంతా అక్కడే ఉంటుంది, పాలిష్ పట్టించి వాటిని అరగదీయొద్దు, చింతపండు ఉప్పు వేసి చేత్తో తోముకుంటే చాలు.

మొక్కని మాత్రం డైరెక్టుగా అందులో నాటొద్దు, అడుగున కన్నం ఉండదు కదా, నీళ్లు నిలిచి వేర్లు కుళ్లిపోతాయి, అందుకని కన్నాలున్న ప్లాస్టిక్ కుండీతో సహా లోపల దించు, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి పూర్తిగా ఓడ్చి మళ్లీ పెట్టు. మన బెజవాడ ఎండలు 40 డిగ్రీలు దాటతాయి, పడమటి బాల్కనీలో మాన్‌స్టెరా ఆకులు మాడిపోతాయి, కిటికీకి కాస్త దూరంగా వెలుతురు వచ్చే చోట పెట్టుకో. వెలుతురు తక్కువైతే స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ బెటర్. ఇంట్లో పాకే పిల్లలుంటే ఇవన్నీ ఎత్తులో పెట్టు, ఆకు నమిలితే నోరు మండి వాచిపోద్ది.