పుస్తకం తెరిచే ముందు తేదీలు రాసుకో

అమ్మలూ,

కాన్పుల వార్డులో డ్యూటీలో చేరావట, గర్భంలో మందుల వల్ల బిడ్డకొచ్చే లోపాల గురించి ఏ పుస్తకాలు కొనమంటావని అడిగావు. ఏవి కొన్నా సరే, వాటిని చూసే పద్ధతి ముందు తెలియాలి.

ఎంబ్రియాలజీ, అంటే పిండం ఎదుగుదల చెప్పే పుస్తకాలు ఫలదీకరణం నుంచి రోజులు లెక్కపెడతాయి. ప్రసూతి పుస్తకాలకేమో ఆఖరి నెలసరి మొదటి రోజు లెక్క. రెండింటికీ దాదాపు రెండు వారాల తేడా. దీని దగ్గరే నేనొకసారి పొరబడ్డాను. ఒకావిడ ఖాళీ స్ట్రిప్పు గుప్పిట్లో నలుపుతూ వచ్చి కూర్చుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ట్రైమెథోప్రిమ్ వేసుకుందట, ఐదో వారంలో. అది ఫోలేట్‌కి, అంటే పిండం ఎదగడానికి కావలసిన విటమిన్‌కి, అడ్డుపడే మందు. ఎంబ్రియాలజీ పట్టికలో ఐదో వారం చూశాను. మెదడూ వెన్నుపామూ అయ్యే నాడీనాళం 28వ రోజుకల్లా మూసుకుపోతుంది కదా, భయం లేదని పంపించేశాను. రాత్రి గుర్తొచ్చింది, ఆవిడ చెప్పిన ఐదు వారాలు నెలసరి లెక్క! పిండానికి అప్పటికి మూడు వారాలే, నాళం ఇంకా తెరిచే ఉంది. తెల్లారగానే ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పి, స్కాన్‌కి రమ్మన్నాను. బిడ్డ బాగానే పుట్టాడు. అయినా ఆ రాత్రి నాకింకా గుర్తే.

అందుకే ముందు కాగితం మీద రాసుకో: ఆఖరి నెలసరి తేదీ, నెలసరి ఎన్ని రోజులకొస్తుంది, మందు ఎంత మోతాదు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపింది. పుస్తకం ఆ తర్వాతే.

పాత ముద్రణల్లో మందుల పక్కన, గర్భంలో ప్రమాదం ఎంతో చెప్పడానికి, ఏ, బి, సి, డి, ఎక్స్ అక్షరాలుంటాయి. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 1979లో తెచ్చి, 2015 నుంచి తీసేస్తూ వచ్చింది. వాటిని పరీక్ష మార్కుల్లా చదవకు. కింద రాసిన పేరా చదువు: ఎంతమంది గర్భిణుల్లో చూశారు, ఏ నెలల్లో, మనుషుల్లోనా జంతువుల్లోనా? ఒకప్పుడు గర్భిణులకు వాంతులు తగ్గడానికి ఇచ్చిన థాలిడోమైడ్ ఎలుకల్లో పెద్దగా హాని చూపలేదు, కానీ అది వేసుకున్న తల్లుల పసిబిడ్డలు చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడకుండా పుట్టారు.

ఏ మందూ వాడకపోయినా నూటికి సుమారు ముగ్గురు పిల్లలు పెద్ద లోపంతో పుడతారు. ముందు ఈ మాట చెప్పు. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్‌తో అది నూటికి పదిమంది దాకా పోతుంది. అలాగని ఫిట్స్ మందు ఉన్నపళంగా మానేయమనకు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. న్యూరాలజిస్టుతో మాట్లాడి నువ్వే దారి చూపించు.

లోపాల ఫొటోలున్న పుస్తకం మాత్రం గర్భిణి ముందు తెరవకు తల్లీ. స్కాన్‌లో ఏదైనా తేలి, చూస్తానని ఆవిడే అడిగితే, పక్కన కూర్చుని ఆ ఒక్క పేజీ చూపించు.

మీ పెద్దమ్మ