బక్‌వీట్ అట్ల గురించి రాస్తున్న అమ్మాయికి

చి. లావణ్యకు ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. ఫ్రాన్స్ వాయవ్య కొసన ఉన్న బ్రిటనీ గురించి, అక్కడ గలెట్ అని పిలిచే బక్‌వీట్ అట్టు గురించి రాసిన భాగం బాగా కుదిరింది. వంట దగ్గరికి వచ్చేసరికి తొందరపడ్డావు. ‘తగినన్ని నీళ్లతో దోసెల పిండిలా కలిపి పల్చగా పోసుకోవాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మనవాళ్ల చెయ్యి దోసెకు అలవాటుపడింది. నీ మాట నమ్మి అలాగే పోస్తారు, తిప్పబోతే అట్టు ముక్కలవుతుంది. దోసెకూ దీనికీ ఎక్కడ తేడా వస్తుందో సరిగ్గా అక్కడ ఆగి, తీరుబడిగా రాయి.

బక్‌వీట్ చుక్కకూర కుటుంబపు మొక్క. గోధుమకూ దీనికీ చుట్టరికమే లేదు. గ్లూటెన్ లేదు కాబట్టి పిండి సాగదు, దోసెలోలాగా మినప్పప్పు ఆసరా కూడా లేదు. తడి తగిలి నానాక పిండిలోంచి వచ్చే జిగురే అట్టును పట్టి ఉంచాలి. బ్రిటనీలో పిండిని అంతసేపు గిలక్కొట్టి, గంటలకొద్దీ నానబెట్టేది అందుకే. ఈ కారణం చెప్పావంటే, ‘రెండు గంటలు నాననివ్వండి’ అన్న మాటను ఎవరూ దాటెయ్యరు. కారణం లేని సూచననే పాఠకులు ముందు వదిలేస్తారు.

కొలతలు కూడా రాయాలి. పావు కిలో పిండికి చెంచాడు ఉప్పు, అర లీటరు నీళ్లు. మొదట సగం నీళ్లే పోసి ఉండలు లేకుండా చిక్కగా కలపమను, తర్వాత మిగతావి. నానాక పిండి మళ్లీ చిక్కబడుతుంది. పోసేముందు ఇంకాస్త నీళ్లు పోసి గరిటెజారుగా చేసుకోవాలని తప్పకుండా రాయి. ఇది చెప్పకపోతే అట్టు మందంగా, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

ఇక పెనం. దోసెకైతే నీళ్లు చిలకరించి వేడి కాస్త తగ్గించి పోస్తాం. దీనికి ఆ పని చెయ్యకూడదు. పెనం బాగా కాలాలి, నూనె పూత పల్చగా ఉండాలి. పిండి పడగానే చుయ్యిమని, ఆవిరి తన్నుకొచ్చి ఒళ్లంతా సన్నటి చిల్లులు పడతాయి. చిల్లులు పడలేదంటే పెనం కాలలేదన్నమాట. కాసేపటికి అంచు దానంతటదే పైకి లేస్తుంది, అట్లకాడ పెట్టాల్సింది అప్పుడే. నువ్వేమో ‘బంగారు రంగు వచ్చేవరకు’ అని రాశావు. ఈ పిండిది బూడిద రంగు తల్లీ, కాలితే ముదురు గోధుమరంగు మచ్చలు తేలతాయి. ఆ మాట నీ కళ్లు చూసి రాసింది కాదు, వేరే వంటకాల్లోంచి అలవాటుగా వచ్చి చేరింది. తీసెయ్.

అక్కడ బిలిగ్ అనే గుండ్రటి ఇనుప పెనం మీద రోజెల్ అనే కర్రతో పిండిని తిప్పుతారు. మన ఇళ్లలో రవ్వదోసెలా పోసి పెనాన్నే అటూ ఇటూ వంచమంటే సరిపోతుంది. మధ్యలో హామ్ అనే పంది మాంసం ముక్క, తురిమిన చీజ్, పగలగొట్టి పోసిన గుడ్డు పెట్టి, పచ్చసొన కనబడేలా నాలుగంచులూ మడిచే పద్ధతి చక్కగా రాశావు, దాన్ని కదపకు. హామ్ తిననివాళ్లకు పుట్టగొడుగులు అన్నావు, అదీ బాగుంది.

ఒక్క సంగతి మాత్రం మొదట్లోనే రావాలి. మన దగ్గర ఈ పిండి కుట్టు పిండి పేరుతో దొరుకుతుంది. త్వరగా ముక్కిపోతుంది. నవరాత్రుల ఉపవాసాల్లో పాడైన కుట్టు పిండి తిని జనం ఆసుపత్రి పాలైన వార్తలు ఉత్తరాది నుంచి తరచూ వస్తుంటాయి. ప్యాకెట్ మీద తేదీ చూడమని, చేదు వాసన వస్తే పారెయ్యమని స్పష్టంగా రాయి. మన మాట నమ్మి పిల్లలకు పెట్టుకునేవాళ్లు ఉంటారు.

కొత్త పిండి తెచ్చి మళ్లీ పోసి చూడు. పొయ్యి పక్కనే కాగితం పెట్టుకో. మొదటి అట్టు విరిగితే ఎక్కడ విరిగిందో, ఏం మార్చాక నిలిచిందో అది కూడా వ్యాసంలో చేర్చి పంపు. నిడివి పెరుగుతుందని భయపడకు, కావాలంటే బ్రిటనీ చరిత్రలో కొంత తగ్గిద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మలాంటి దాన్ని