సర్పంచ్ ఎన్నికల్లో చూపులేనివాళ్లు తోడు లేకుండా ఓటు వేయగలరా?

మీరు అడిగింది ఇదీ: మీ మామయ్యకు చూపు లేదు. అసెంబ్లీ ఎన్నికల్లో ఆయనే లోపలికి వెళ్లి ఓటేసి వచ్చారు. పంచాయతీకి వచ్చేసరికి "ఎవరినైనా తోడు తెచ్చుకో" అన్నారు. సర్పంచ్ ఎన్నికకు కూడా బ్రెయిలీ మిషన్ పెట్టమని అడగవచ్చా అని.

అడగవచ్చు. కానీ తెలంగాణలో పంచాయతీ ఎన్నికకు అసలు మిషనే పెట్టరు, ఇక దాని మీద బ్రెయిలీ ఎక్కడిది? అక్కడ బ్యాలెట్ పేపరు, రబ్బరు ముద్ర, డబ్బా. మిషన్ కోసం కొట్లాడేకన్నా చిన్న అట్టముక్క ఒకటి సాధించుకోవడం సులువని నా అభిప్రాయం. అదేమిటో చెప్పేముందు నా కథ వినండి. నాకూ పుట్టుకతోనే చూపు లేదు. టీచర్‌ని. ఓటు మాత్రం సూర్యాపేట జిల్లాలో మా ఊళ్లోనే ఉంచుకున్నాను.

2018 డిసెంబరు 7, శుక్రవారం, అసెంబ్లీ పోలింగ్. ప్రిసైడింగ్ ఆఫీసర్ బ్రెయిలీలో ఉన్న అభ్యర్థుల జాబితా చేతికిచ్చారు. చదువుకుని, నాకు కావలసిన పేరు ఎన్నో నంబరో గుర్తుపెట్టుకుని లోపలికి వెళ్లాను. మిషన్ మీద ప్రతి బటన్ పక్కన (నీలం రంగు బటనట) నంబరు బ్రెయిలీలో వేలికి తగులుతుంది. తడుముకుని నొక్కాను, బీప్ మోగింది. గాజు వెనక ఏడు సెకన్లు కనబడే చీటీ నాకు ఉన్నా లేనట్టే అనుకోండి. అయినా నా ఓటు ఎవరికి పడిందో నాకు తప్ప మరో ప్రాణికి తెలియదు. ఈ బ్రెయిలీ నంబర్లను మొట్టమొదట పరీక్షించింది మన దగ్గరే, 2004లో ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో. 2009 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతా వచ్చాయి.

సరిగ్గా ఏడు వారాలకు, 2019 జనవరి 25న, మా ఊరికి పంచాయతీ పోలింగ్. అదే బడి, పక్క గది. ఈసారి రెండు కాగితాలు: సర్పంచ్‌కు గులాబీ రంగుది, వార్డు మెంబరుకు తెల్లది. నా చేతికి రెండూ ఒకటే, నున్నటి కాగితాలు. మా చిన్నాయన కొడుకు తోడు వచ్చాడు. ఫారం మీద సంతకం పెట్టాడు, నేను చెప్పిన గుర్తు మీద ముద్ర గుద్దాడు, మడిచి డబ్బాలో వేశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ అయిపోయింది, రెండింటి నుంచి లెక్కింపు. రాత్రికి హోటల్ దగ్గర ఒకాయన నా భుజం తట్టి, "ఏం సారూ, మనోనికి ఎయ్యలేదంట గదా!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం తిన్నది అరగలేదు. తమ్ముడు చెడ్డవాడు కాదు, ఎవరో రెండుసార్లు అడిగితే నోరు జారాడు.

అసెంబ్లీ ఓటు బయటపడితే నష్టం ఎంత? ఎమ్మెల్యే మన ముఖం కూడా గుర్తుపట్టడు. సర్పంచ్ అలా కాదు. గెలిచినవాడూ ఓడినవాడూ ఇద్దరూ మన వాడకట్టువాళ్లే, ఒకడు మేనబావ, ఒకడు పాలివాడు. పింఛను కాగితం, నల్లా, వీధిలైటు అన్నిటికీ రేపు వాళ్ల గడపే తొక్కాలి. పైగా వార్డుకు ఉండేదే కొన్ని వందల ఓట్లు. ఒక్క ఓటుతో గెలిచినవాళ్ల గురించీ, సమానం వచ్చి లాటరీ తీసిన ఊళ్ల గురించీ ప్రతిసారీ పేపర్లో చదువుతూనే ఉంటాం. గుట్టు ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే మాకు అది లేకుండా పోయింది.

ఎందుకిలా అంటే, ఈ రెండు ఎన్నికలూ జరిపేది వేర్వేరు సంస్థలు. అసెంబ్లీ, లోక్‌సభ కేంద్ర ఎన్నికల సంఘానివి. పంచాయతీ, మున్సిపాలిటీ రాష్ట్ర ఎన్నికల సంఘానివి. అందుకే కేంద్ర సంఘం వికలాంగ ఓటర్ల కోసం పెట్టిన సక్షమ్ యాప్‌లో వీల్‌చెయిర్‌కు పేరు ఎక్కించుకోవడం, నలభై శాతం వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు లాంటివి విని సర్పంచ్ ఎన్నికకూ ఉంటాయనుకుని కూర్చుంటే మోసపోతాం. మిషన్ల మాటకొస్తే, జీహెచ్‌ఎంసీకి (హైదరాబాద్ నగర కార్పొరేషన్‌కు) 2016లో ఈవీఎంలే వాడారు, 2020లో కరోనా రోజుల్లో మళ్లీ బ్యాలెట్‌కు వెళ్లారు. కేరళలో గ్రామ పంచాయతీలకు కూడా ఈవీఎంలే. కుదరని పనేం కాదు, అక్కడ కుదిరింది. కానీ అది రాష్ట్రం మొత్తానికి తీసుకోవలసిన నిర్ణయం, మీ మామయ్య వచ్చే ఎన్నిక దాకా ఆగదు.

ఇక 2025 డిసెంబరు 14, ఆదివారం, మళ్లీ పంచాయతీ పోలింగ్. ఈసారి నా భార్యను తోడు తీసుకెళ్లాను, కానీ ముద్ర ఆమె చేతికి ఇవ్వలేదు. ఇంట్లోనే కాగితం మీద గళ్లు గీసుకుని నాలుగు రోజులు సాధన చేశాం. లోపల ఆమె నా ఎడమచేతి వేళ్లను కాగితం పైఅంచు మీద పెట్టి, "ఇది మొదటి గడి, ఇది రెండోది, ఇది మూడోది, చివరిది నోటా" అని ఒక్కోదాని మీద వేలు ఆనించి చెప్పింది. తర్వాత ముఖం అటు తిప్పుకుంది. నేను గడులు కొలుచుకుని ముద్ర వేశాను. గదిలో ఉన్న ఒక ఉద్యోగి "అట్లా కాదమ్మా, నువ్వే వేసెయ్, లైను ఆగిపోతోంది" అని తొందరపెట్టాడు. తోడు వచ్చినవాళ్లు సాయం చేయడానికే గాని ఓటు వాళ్లది కాదని చెప్పి మా పని మేం కానిచ్చాం. ముద్ర సరిగ్గా గడిలోనే పడిందా, గీత మీద పడి చెల్లకుండా పోయిందా అన్న అనుమానం మాత్రం ఇప్పటికీ ఉంది. భార్యను అడిగితే చెప్పేదే, కానీ అడిగితే ఇంత తతంగం దేనికి?

ఆ అనుమానం తీర్చేదే నేను మొదట్లో చెప్పిన అట్టముక్క. బ్యాలెట్ సైజులో అట్ట, ప్రతి గుర్తు దగ్గరా ముద్ర పట్టేంత కిటికీ, పక్కన ఉబ్బెత్తు చుక్కలు. కాగితాన్ని దాని కింద దోపి, లెక్కపెట్టి, కిటికీలో ముద్ర వేయడమే. బ్రెయిలీ రాకపోయినా ఫరవాలేదు, ఒకటి రెండు మూడు లెక్కపెట్టడం వస్తే చాలు. నడివయసులో షుగర్ వల్ల చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ రాదు కదా. ఐర్లండ్‌లో 2018 మే రెఫరెండంలో ఇలాంటి ప్లాస్టిక్ పలకలు పోలింగ్ కేంద్రాల్లో పెట్టారు, కాగితం మీద ఏముందో చదివి వినిపించే ఉచిత ఫోన్ నంబరు కూడా ఇచ్చారు.

మన దగ్గర ఇది ఇంకా సులువు. పంచాయతీ బ్యాలెట్ మీద పేర్లు ఉండవు, గుర్తులే. అభ్యర్థుల్ని తెలుగు అక్షరక్రమంలో నిలబెట్టి, ఉంగరం, కత్తెర అంటూ ముందే నిర్ణయించిన వరుసలో గుర్తులు ఇచ్చుకుంటూ పోతారు. అంటే ముగ్గురు పోటీలో ఉన్న ఏ ఊరికైనా సర్పంచ్ బ్యాలెట్ ఒకే తీరు. ఇద్దరికి ఒక అట్ట, ముగ్గురికి ఒకటి, నలుగురికి ఒకటి అని కోయించి పెట్టుకుంటే రాష్ట్రం మొత్తానికి సరిపోతాయి. అసెంబ్లీకైతే నియోజకవర్గానికో అచ్చు వేయాల్సిన ఈవీఎం కాగితంతో పోలిస్తే ఇదెంత?

నేను పోలింగ్‌కు పది రోజుల ముందు మండల ఆఫీసుకు వెళ్లి నా సొంత అట్ట తెచ్చుకుంటానని అడిగాను. "రూల్స్‌లో లేదు సార్" అన్నారు. నోటితో అడిగాను, అదీ నా తప్పు. మీరు కాగితం మీద రాసి, ఎంపీడీవోకూ కలెక్టర్‌కూ ఇచ్చి, ఒక కాపీ రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపండి. రసీదు తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 11 పేరెత్తండి. కేంద్ర సంఘంతో పాటు రాష్ట్ర ఎన్నికల సంఘాలు కూడా పోలింగ్ కేంద్రాలూ, ఎన్నికల సామగ్రీ వికలాంగులకు అందుబాటులో ఉండేలా చూడాలని అందులో స్పష్టంగా ఉంది. బ్యాలెట్ పేపరు సామగ్రి కాకపోతే మరేమిటి? నోటిఫికేషన్ వచ్చాక కాదు, ఇప్పుడే రాయండి. నోటిఫికేషన్ వచ్చిందంటే ఆ ఆఫీసుల్లో ఎవరూ తల ఎత్తరు.

ర్యాంపుల గురించి మీరు అడగలేదు కాబట్టి ఒక్క ముక్క: ఉండటం ఉంటాయి, కొన్ని బళ్లలో అవి ఎక్కడానికా జారడానికా అన్నట్టు ఉంటాయి. వీల్‌చెయిర్ వాళ్లు ముందురోజే వెళ్లి చూసుకోవడం మంచిది.

ఈలోపు ఎన్నిక వచ్చేస్తే మీ మామయ్యకు తోడుగా ఏ అభ్యర్థి వెంటా తిరగనివాళ్లను చూసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్లి ఉండకూడదు. బూత్‌లో కూర్చున్న ఏజెంటు "నేనొస్తా పెద్దాయనా" అని లేస్తే వద్దనండి. ముద్ర ఆయన చేతిలోనే ఉంచండి. వేశాక కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవమనండి. ముందే అడ్డంగా మడిస్తే తడి సిరా ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది. ఈ మడత ఇంట్లో పాత పేపరు మీద నాలుగుసార్లు చేయించండి, చెయ్యి అలవాటు పడుతుంది.