షాపు కంటే ముందు చూసుకోవలసిన లెక్క

ప్రశ్న: మాది మంగళగిరి. బీకాం పూర్తిచేసిన మా అబ్బాయి రెండేళ్లుగా మా ఊరి చేనేత గుడ్డతో పల్లెటూరి తరహా చొక్కాలు కుట్టించి, తనదైన పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. నెలకు అరవై దాకా పోతున్నాయి, జీఎస్‌టీ నమోదు కూడా ఉంది. ఇప్పుడు ఎంబీఏ సీటు వదులుకొని, పది లక్షల ముద్రా రుణంతో హైదరాబాద్‌లో షాపు పెడతానంటున్నాడు. ఒప్పుకోమంటారా? అతని లెక్కల కాగితం జతచేశాను. - ఒక తండ్రి

జవాబు: వ్యాపారానికి ఒప్పుకోండి, షాపుకు మాత్రం ఇప్పుడే వద్దు. కారణం ఆ కాగితంలోనే ఉంది. చొక్కాకు గుడ్డ 480, కుట్టుకూలి 250, గుండీలు, లేబులు 40 కలిపి 770 రూపాయలని, 999కి అమ్మితే 229 లాభమని అతను రాసుకున్నాడు. జీఎస్‌టీ నమోదు ఉందంటున్నారు కనుక ధరలో కలిసివున్న 5 శాతం పన్ను కింద సుమారు 48, కొరియర్‌కు 80 తీసేస్తే చేతిలో మిగిలేది 101 రూపాయలే. సైజు సరిపోలేదని వెనక్కి వచ్చిన ప్రతి చొక్కాకూ రానూపోనూ మరో 160 ఖర్చవుతుంది. అతని సొంత జీతం ఈ లెక్కలో ఎక్కడా లేదు. దుకాణం అద్దె కట్టాల్సి వస్తే అది ఎక్కడినుంచి తేవాలో కూడా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తులన్నింటికీ 5 శాతమే పన్ను కాబట్టి ధరను 1,350కి పెంచినా పన్ను రేటు మారదు, మిగులు మాత్రం 430 దాటుతుంది. అసలైన చేనేతను మిల్లు గుడ్డ ధరకు అమ్మడం వినయం కాదు, లెక్క తప్పడం.

ఇంతకంటే పెద్ద చిక్కు సరుకు నిల్వలో ఉంది. అతను అనుకుంటున్నట్టు పద్నాలుగు డిజైన్లు, ఒక్కోదానిలో అయిదు సైజులు, సైజుకు పది చొప్పున షాపులో వేలాడదీస్తే 700 చొక్కాలు, అంటే 5,39,000 రూపాయలు. అడిగినవాళ్లకు ఎల్ సైజు దొరకదు, ఎవరూ అడగని డబుల్ ఎక్సెల్ మాత్రం కదలదు. కత్తెర పడని గుడ్డ తానును ఏ సైజుకైనా కుట్టవచ్చు, అవసరమైతే గుడ్డగానే అమ్ముకోవచ్చు. ఒకసారి కత్తిరించాక అది ఒక్క కొలతకే కట్టుబడిపోతుంది. అందువల్ల డిజైన్లను నాలుగుకు తగ్గించి, డబ్బును తానుల్లోనే ఉంచి, ఆర్డరు వచ్చాక వారంలో కుట్టి పంపే పద్ధతికి మారమనండి. తానును ముందుగా తడిపి, ఆరబెట్టి, ఆ తరువాతే కత్తిరించాలి; లేకపోతే మొదటి ఉతుకులోనే చేతులు పొట్టివై, చొక్కా తిరుగు ప్రయాణం కడుతుంది.

నేతగాళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి వానాకాలంలో మగ్గం గుంటలోకి నీరు ఊరి నేత ఆగిపోయిందన్న కబురు ఆలస్యంగా చేరుతుంది. వర్షాలకు ముందే రెండు నెలల గుడ్డ సమకూర్చుకోవడం, ఒక రంగుకు కావలసిన నూలంతా ఒకే విడతలో అద్దించడం మంగళగిరిలో ఉండి చేయవలసిన పనులు.

అతని బ్రాండ్ పేరును దుస్తులకు వర్తించే 25వ తరగతిలో ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించండి. వ్యక్తిగతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే రుసుము 4,500 రూపాయలు, నమోదైతే పదేళ్లు చెల్లుతుంది. అయితే మంగళగిరి చీరలకు, గుడ్డలకు భౌగోళిక గుర్తింపు ఉన్నందున ఊరి పేరును సొంత బ్రాండ్‌గా నమోదు చేయించుకోవడం కుదరదు.

ఇక ఎంబీఏ. మార్కెటింగ్ అతనికి కొంత ఒంటబట్టింది, రానిది కొలత. అందుచేత ఈ ఏడాది ఆ సీటు కోసం పట్టుపట్టకుండా, ఆరు నెలలు ఏదైనా దుస్తుల తయారీ యూనిట్‌లో కటింగ్ మాస్టర్ దగ్గర ప్యాటర్న్ (కత్తిరింపు నమూనా) గీయడం, దాన్ని సైజులవారీగా పెంచి తగ్గించే గ్రేడింగ్ నేర్చుకోనివ్వండి. ఆ మధ్యలో నెలకు అరవై చొక్కాల అమ్మకం ఇంటి నుంచే సాగుతుంది. కొత్త ధరకు వరుసగా ఆరు నెలలు అమ్మకం తగ్గకుండా, తన జీతం తాను తీసుకోగలిగితే, అప్పుడు రుణానికి వెళ్లమనండి. అదైనా పది లక్షలు కాదు, రెండు నెలల గుడ్డకు సరిపడేంత.